పన్నెండెకరాల దావా

ఆ దావాలో వాది తరఫున దాఖలైన కాగితాల్లో నాలుగోది ఒక పెళ్లి శుభలేఖ. నాలుగు మూలలా పసుపు అద్దిన చవక కాగితం, పైన వినాయకుడి బొమ్మ, అడుగున చీమతలకాయంత అక్షరాల్లో ప్రెస్సు పేరు. బెంచి క్లర్కు మడత విప్పుతుంటే ఎండిన పసుపు రాలి బల్ల మీద పడింది. ఆయన దాన్ని చేత్తో తుడిచి, వెనకవైపు రబ్బరు స్టాంపు గుద్ది, ‘ఎ-4’ అని రాశాడు. ఎకరాల లెక్క తేల్చిన కాగితం అదే. దస్తావేజులు, అడంగళ్లు, శిస్తు రసీదులు దాని తర్వాతే.

నేను వకీలు గుమాస్తాను. కృష్ణా డెల్టాలో ఒక సబ్ కోర్టు ఊళ్లో, ఒకే ఆఫీసులో నా ఉద్యోగమంతా గడిచింది. పార్టీల పేర్లు, ఊరి పేరు చెప్పను. వాళ్ల మనవలు ఇప్పటికీ మా వీధినే బడికి వెళ్తారు.

ఆ ఇంటి పెద్దాయనకు పన్నెండెకరాల మాగాణి, ఒక పెంకుటిల్లు, పశువుల పాక. అంతా తాతల నాటి ఆస్తి, స్వార్జితం సెంటు లేదు. ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. పెద్దమ్మాయి పెళ్లి 1979లో, చిన్నమ్మాయిది 1985లో. ఆయన 1993లో పోయాడు. పెద్దకర్మ అయ్యాక అన్నదమ్ములు ఊరి పెద్దలను కూర్చోబెట్టి తెల్లకాగితం మీద మూడు భాగాలు రాసుకున్నారు. ఆడపిల్లలకు పిలుపు లేదు. ఆ కాగితం పట్టుకుని పాసు పుస్తకాలు తమ పేర్లకు మార్పించుకునే ప్రయత్నం మొదలుపెట్టారని తెలిసి, 1996లో చిన్నమ్మాయి మా ఆఫీసు మెట్లెక్కింది.

మా ప్లీడరుగారు ఆమెను కూర్చోమని, మంచినీళ్లు ఇప్పించి, అడిగిన మొదటి ప్రశ్న: “అమ్మా, నీ పెళ్లి ఎప్పుడయింది?”

ఆమె కుశలప్రశ్న అనుకుంది. “పదకొండేళ్లయిందండీ, ఇద్దరు పిల్లలు,” అంది. ఆయన తల అడ్డంగా ఊపి, “నెల, తేదీ కావాలి,” అన్నారు.

ఎందుకో చెప్పాలి. ఉమ్మడి కుటుంబంలో కొడుకుకు పుట్టుకతోనే హక్కు. 1956 నాటి వారసత్వ చట్టం కూతురికి తండ్రి వాటాలో మాత్రమే పాలు పెట్టింది, తండ్రి పోయాక. రామారావు గారి ప్రభుత్వం మన రాష్ట్రంలో దాన్ని మార్చింది. 1986లో చేసిన ఆ సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. కూతురు కూడా కొడుకులాగే పుట్టుకతో హక్కుదారు అంది. దేశంలో ఈ పని చేసిన మొదటి రాష్ట్రం మనదే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో మన దారికొచ్చాయి. అయితే ఒక మెలిక ఉంది: ఆ తేదీ నాటికి పెళ్లి అయిపోయిన కూతురికి ఈ హక్కు లేదు.

ప్లీడరుగారు డైరీ వెనక అట్ట మీద లెక్క వేశారు. చిన్నమ్మాయి పెళ్లి సెప్టెంబరు 5 తర్వాతైతే తండ్రి, ముగ్గురు కొడుకులు, ఆమె కలిసి అయిదుగురు. తలా అయిదో వంతు. తండ్రి అయిదో వంతును భార్య, అయిదుగురు పిల్లలు కలిసి ఆరుగురు పంచుకోవాలి. అంటే చిన్నమ్మాయికి 2 ఎకరాల 80 సెంట్లు. ఆరేళ్లు ముందు పెళ్లయిన పెద్దమ్మాయికి తండ్రి వాటాలో పాలు మాత్రమే, 40 సెంట్లు. తల్లికీ అంతే. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే మరి.

“పెళ్లి కార్తీకంలో అయిందండీ,” అందామె. “అయితే దావా వేద్దాం,” అన్నారాయన.

పంపకాల దావాలో ఒక తమాషా ఉంది. ఉమ్మడి స్వాధీనంలో ఉన్నామని రాస్తే కోర్టు ఫీజు కొద్దిపాటి స్థిరమైన మొత్తం. నన్ను ఆస్తిలోంచి వెళ్లగొట్టారని రాస్తే మన వాటా మార్కెట్ విలువను బట్టి కట్టాలి. అందుకని పుట్టింటి గడప తొక్కనివ్వని ఆడపడుచు కూడా ప్లెయింటులో ‘ఉమ్మడి స్వాధీనంలో’ ఉంటుంది. ఇది అబద్ధం కాదు, చట్టం దృష్టిలో ఒక వాటాదారు స్వాధీనం అందరి స్వాధీనమే. కానీ ఆ వాక్యం టైపు కొట్టించిన ప్రతిసారీ, సంతకం పెట్టే మనిషి మొహం చూడబుద్ధయ్యేది కాదు నాకు.

సమన్లు అందిన వారానికి పెద్దామె కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. వాకిట్లోనే నిలబడి, “ఏవండీ గుమాస్తా గారూ, మా చెల్లి నా మీద దావా వేసిందంట. నేనేం చేశానండీ దానికి?” అంది.

తల్లి ఒకటో ప్రతివాది, అన్నదమ్ములు రెండు, మూడు, నాలుగు, ఈమె అయిదు. అమీను చేతిలో కాగితం పెట్టేసి సైకిలెక్కి వెళ్లిపోయాడు, చదివి చెప్పే తీరిక అతనికెక్కడిది. “భాగం ఉన్న ప్రతివాళ్లనీ చేర్చకపోతే దావా నిలబడదమ్మా,” అన్నాను. “వాది, ప్రతివాది అనేది కాగితం మీద మాట. పంపకాల దావాలో ప్రతివాదులందరూ వాదులే. నీ వాటా నువ్వూ అడగొచ్చు.”

“నాకెంత వస్తదండీ?”

చెప్పాను. చెల్లెలిదెంతో కూడా అడిగింది. అదీ చెప్పాను. చీర కొంగుకు వేసుకున్న ముడి విప్పి, బస్సు చార్జీ చిల్లర చూసుకుని, మళ్లీ ముడేసుకుంది. “నాకు ఆరేళ్లు ముందు పెళ్లి చేసినందుకా?” అంది. ఇంకే మాటా లేకుండా బస్టాండు వైపు వెళ్లిపోయింది.

తర్వాతి వాయిదాకు ఆమె ఇంకో వకీలుకు వకాలతు ఇచ్చింది. ఆ రోజే మా చిన్నమ్మాయి చేతిలో ఒక కవరు పెట్టింది. అందులో ఉన్నది చెల్లెలి పెళ్లి శుభలేఖ. అన్నల ఇంట్లో ఒక్కటీ దొరకలేదు. దొరికినా ఇచ్చేవాళ్లు కాదు. పెద్దామె ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతల్లో అది పదకొండేళ్లు ఉంది. దాంతో తనకు సెంటు కలిసిరాదని ఆమెకు తెలుసు.

అన్నదమ్ముల రిటన్ స్టేట్‌మెంటు ఏడాది తర్వాత వచ్చింది. చెల్లెలి పెళ్లి 1985 ఆగస్టు 9న జరిగిందన్నారు. పెద్దక్కకు పసుపుకుంకుమ కింద ఎకరం ఎప్పుడో ఇచ్చేశామన్నారు. ఆ ఎకరానికి కాగితం లేదు. స్థిరాస్తి దానమంటే రిజిస్టరు దస్తావేజు, ఇద్దరు సాక్షులు ఉండాలి. అడంగల్లో ఆ ఎకరం ఎదుట తండ్రి పేరే నడుస్తోంది. ఆ వాదన అక్కడితో సరి. పెళ్లి తేదీ మాత్రం ట్రయలు దాకా వచ్చింది.

ట్రయలు 2001లో గాని మొదలవలేదు. మధ్యలో ఏం జరిగిందంటే వాయిదాలు. ఒకసారి జడ్జిగారి బదిలీ, ఒకసారి అవతలి వకీలుగారి ఇంట్లో శుభకార్యం, ఒకసారి బాయ్‌కాట్. ఆ అయిదేళ్ల గురించి ఇంతకంటే రాయడానికి లేదు.

పెద్దన్న బోనెక్కిన రోజు నేను బెంచి పక్కన కట్టలు పట్టుకుని నిలబడి ఉన్నాను. మా ప్లీడరుగారు క్రాసు నెమ్మదిగా మొదలుపెట్టేవారు, చుట్టాలింట్లో కాఫీ తాగుతున్నట్టు.

“మీ చెల్లెలి పెళ్లి ఏ మాసమండీ?”

“శ్రావణమండీ. ఆగస్టు తొమ్మిది, శుక్రవారం.”

“శ్రావణ శుక్రవారం. మంచి రోజే. ముహూర్తం ఎవరు పెట్టారు?”

“మా ఊరి పంతులుగారు. ఇప్పుడు లేరండీ.”

“మీ ఇంట్లో మూఢాలు, శూన్యమాసాలు చూసుకుంటారా?”

“చూడకపోతే ఎలాగండీ. ఆచారం ఉన్న ఇల్లు మాది.”

ప్లీడరుగారు నా వైపు చెయ్యి చాపారు. అట్ట ఊడిన క్రోధన నామ సంవత్సరపు పంచాంగం ఆయన చేతిలో పెట్టాను. దాన్ని సంపాదించడానికి మా ఊరి పురోహితుల ఇళ్లన్నీ తిరిగాను. “ఆ ఏడు శ్రావణాలు రెండొచ్చాయి. జూలై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం. ఆచారం ఉన్న ఇంట్లో ఆడపిల్ల పెళ్లి అధికమాసంలో చేశారా?”

పెద్దన్న తన వకీలు వైపు చూశాడు. ఆయన కట్టలో ఏదో వెతుక్కుంటున్నాడు. జడ్జిగారు పంచాంగం అడిగి తీసుకుని రెండు పేజీలు తిప్పారు. “సమాధానం చెప్పండి,” అన్నారు. “గుర్తులేదండీ,” అన్నాడు పెద్దన్న. వాళ్లు ఇంగ్లీషు క్యాలెండరు చూసి శుక్రవారం ఎంచుకున్నారు, ఆ క్యాలెండరులో అధికమాసం ఉండదు. ఆగస్టు 17 తర్వాత ఏ తేదీ చెప్పినా మేం ఇబ్బంది పడేవాళ్లమని సాయంత్రం ప్లీడరుగారే అన్నారు.

పెళ్లి తేదీ పోయేసరికి వీలునామా వచ్చింది. నేను చూసినంతలో, పంపకాల దావాల్లో రిటన్ స్టేట్‌మెంటు నాటికి లేని వీలునామాలు సాక్ష్యాల నాటికి పుడుతుంటాయి. ఇది 1992 డిసెంబరుదట. ఆస్తంతా ముగ్గురు కొడుకులకేనట. తెల్లకాగితం, రిజిస్ట్రేషను లేదు. అందులో తప్పు లేదు, వీలునామాకు స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షులు ఉండాలి, వాళ్లలో కనీసం ఒకరు కోర్టుకొచ్చి, నా ఎదుట సంతకం పెట్టాడు అని చెప్పాలి. అనుమానం కలిగించే సంగతులు ఏమైనా ఉంటే, వీలునామా పట్టుకొచ్చినవాడే వాటిని తొలగించాలి. సుప్రీంకోర్టు 1958లో వెంకటాచల అయ్యంగార్ కేసులో చెప్పిన ఈ మాట లేకుండా వీలునామా కేసులో ఆర్గ్యుమెంటు ఉండదు.

ఈ వీలునామా మీద ఉన్నది వేలిముద్ర. చనిపోయిన పెద్దాయన హైస్కూలు దాకా చదివినవాడు. పక్షవాతం వచ్చి చెయ్యి ఆడలేదు, అందుకే వేలిముద్ర వేయించామన్నారు. సాక్షిగా వచ్చినాయన అదే చెప్పి, తాను సాక్షి సంతకం చేశానన్నాడు. మా ప్లీడరుగారు సహకార సంఘం నుంచి డబ్బు తీసిన చీటీలు తెప్పించారు. 1993 జనవరిలో పెద్దాయన తీసిన చీటీ మీద సంతకం, ఇంటిపేరుతో సహా, గొలుసుకట్టు రాతలో వంకర లేకుండా ఉంది. వీలునామా రుజువు కాలేదని తీర్పులో రాశారు. అసలు అది నిజమే అయినా పెద్దాయన రాయగలిగింది తన అయిదో వంతు గురించే, అంటే 2 ఎకరాల 40 సెంట్లు. మిగతాది ఆయనది కాదు, రాసివ్వడానికి. ఆ మాట అవతలి వకీలు వాళ్లకు ముందే చెప్పి ఉంటే సాక్షికి ఆ అవస్థ తప్పేది.

తల్లిని కూడా బోనెక్కించారు, కొడుకుల తరఫున. ఆమెకు వినికిడి తక్కువ. బంట్రోతు ప్రశ్నను చెవి దగ్గర మళ్లీ చెప్పేవాడు. భర్త వీలునామా రాశాడా అంటే, “నాకు తెలవదు బాబూ,” అంది. కొడుకుల వకీలుగారి మొహం మాడింది. మా వాళ్లు క్రాసు అక్కర్లేదన్నారు. దిగబోతూ ఆమె జడ్జిగారి వైపు తిరిగి, ఎవరూ అడక్కుండానే, “అయిదుగురూ నా కడుపున పుట్టినోళ్లే బాబూ, అయిదు పాళ్లు వెయ్యండి, పోతది,” అంది. జడ్జిగారు టైపిస్టుకు ఆ మాట కూడా చెప్పి రాయించారు. వాదనల్లో దాన్ని ఎవరూ ఎత్తలేదు. ఏ చట్టం కిందా అది సరైన లెక్క కాదు మరి, ఆ రోజుకి.

2003లో ప్రాథమిక డిక్రీ వచ్చింది. చిన్నమ్మాయికీ, ముగ్గురు అన్నలకూ తలా 2 ఎకరాల 80 సెంట్లు, తల్లికీ పెద్దామెకూ తలా 40 సెంట్లు. దావా గెలిచామని చిన్నమ్మాయి ఆఫీసులో మిఠాయిలు పంచింది. తినడానికి నాకు మనసొప్పలేదు గాని తిన్నాను. ప్రాథమిక డిక్రీ అంటే ఎవరికెంత అని చెప్పడం వరకే. ఏ గట్టు దగ్గర నుంచి ఏ గట్టు దాకా అని చెప్పేది ఫైనల్ డిక్రీ. దానికి మళ్లీ పిటిషను, కమిషనరు, అభ్యంతరాలు. మొదటిది గెలిచి రెండోదాని కోసం బతకనివాళ్లు నా కట్టల్లో చాలామంది ఉన్నారు. ప్రాథమిక డిక్రీతో కట్ట మూసేయొద్దు, మీ అంతట మీరే ముందుకు నడిపించండి అని సుప్రీంకోర్టు 2009లో ఒకసారి, 2022లో ఒకసారి కింది కోర్టులకు చెప్పింది.

అన్నదమ్ములు అప్పీలుకెళ్లి స్టే తెచ్చారు. 2006లో రెండో అన్న రోడ్డు పక్క ఎకరం అమ్మేశాడు. 2007లో తల్లి పోయింది. ఆమె 40 సెంట్లు అయిదుగురికీ తలా 8 సెంట్లయ్యాయి. అప్పీలు 2010లో కొట్టేశారు.

కమిషనర్‌గా ఒక కుర్ర వకీలును వేశారు. మండల సర్వేయరు, గొలుసు, క్రాస్‌స్టాఫ్, ఎఫ్.ఎం.బి. (పొలం కొలతల పుస్తకం) నకలు, వెనక నేను. పొలం మూడు ముక్కలు: కాలువ కింద అయిదెకరాలు, రోడ్డు పక్క మూడు, శివారులో నాలుగు. శివారుది నవంబరు వానకు మునిగే పొలం. సెంట్లలో సమానం చేస్తే విలువలో సమానం కాదు. రోడ్డు పక్క ఒక ఎకరం ధరకు శివారులో ఎన్ని ఎకరాలొస్తాయో అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. కమిషనరు ప్రతి భాగానికీ మూడు ముక్కల్లోనూ కొంత కొంత పెట్టి సున్నంతో గీతలు గీయించాడు. రెండో అన్న అమ్మిన ఎకరాన్ని అతని పాలికే వేశాడు. దావా నడుస్తుండగా కొన్నవాడికి, అమ్మినవాడి వాటా దాటి హక్కు రాదు. కొన్నాయన గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి, గీత ఎటు పోతుందోనని సాయంత్రం దాకా చూశాడు.

ఇల్లు దగ్గర మధ్యాహ్నమంతా పోయింది. పెంకుటిల్లును ముక్కలు చెయ్యలేం. 1893 నాటి విభజన చట్టం ప్రకారం, పంచడానికి వీల్లేనిదాన్ని అమ్మి డబ్బు పంచొచ్చు, వాటాదారే కొనుక్కోవచ్చు కూడా. పెద్దన్న కొనుక్కుంటానన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. ఇక పెరటి బావి. నీళ్లు ఉమ్మడి అని కమిషనరు రాస్తుండగా మూడో అన్న అడ్డొచ్చాడు: “బావి ఉమ్మడే, మోటారు నాది.” మోటారు బిల్లు ఎవరి పేరునుంది, కరెంటు మీటరు ఎవరి పేరునుంది, 1998లో వైండింగుకు డబ్బులు ఎవరిచ్చారు. పన్నెండెకరాల కంటే ఆ మోటారు మీద ఎక్కువ మాట్లాడారు. చివరికి నీళ్లు ఉమ్మడిగా వదిలేసి, మూడో అన్న మోటారు విప్పి పట్టుకుపోవచ్చునని రాశారు. అతను ఎన్నడూ విప్పలేదు.

ఆ రిపోర్టు దాఖలయ్యేలోగా పెద్దామె వకీలు ఒక పిటిషను వేశారు, 2012లో. కేంద్రం 2005లో చట్టాన్ని దేశమంతటికీ సవరించింది. ఆ సెప్టెంబరు 9 నుంచి పెళ్లయినా కాకపోయినా కూతురు కొడుకుతో సమానం. ప్రాథమిక డిక్రీ వచ్చినా ఫైనల్ డిక్రీ కానంతవరకూ పంపకం పూర్తయినట్టు కాదు, కాబట్టి మారిన చట్టం ప్రకారం వాటాలు సవరించొచ్చు అని 2011లో సుప్రీంకోర్టు గండూరి కోటేశ్వరమ్మ కేసులో చెప్పింది. మన రాష్ట్రం నుంచే వెళ్లిన కేసు అది. మాకూ ఫైనల్ డిక్రీ కాలేదు. అంతకాలం సాగడం వల్ల ఎవరికైనా మేలు జరిగిందంటే పెద్దామెకే.

లెక్క ఇలా మారుతుంది: తండ్రి, ముగ్గురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు కలిసి ఆరుగురు. తండ్రి ఆరో వంతు మళ్లీ ఆరుగురికి. తల్లి వాటా అయిదుగురికి. కూడితే తలా 2 ఎకరాల 40 సెంట్లు. పెద్దామెకు 48 సెంట్ల నుంచి పెరుగుతుంది, మిగతా నలుగురికీ 2 ఎకరాల 88 సెంట్ల నుంచి తగ్గుతుంది. తల్లి వాంగ్మూలంలో ఉన్న అయిదు పాళ్లు ఇవే.

తగ్గేవాళ్లలో మా చిన్నమ్మాయి కూడా ఉంది. మేం ఆమె తరఫున. కౌంటరు వెయ్యాలా వద్దా అని ప్లీడరుగారు పిలిపించి అడిగారు. తగ్గేది 48 సెంట్లు, అప్పటి ధరలో చిన్న మొత్తం కాదు, అని స్పష్టంగా చెప్పారు కూడా. ఆమె, “ఆ శుభలేఖ తెచ్చిచ్చింది అక్కేనండీ,” అంది. అభ్యంతరం లేదని మెమో వేశాం. అన్నదమ్ములు ముగ్గురూ కౌంటర్లు వేశారు.

పిటిషను పెండింగులో ఉండగానే 2015 అక్టోబరులో సుప్రీంకోర్టు ఫూలవతి కేసులో, 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రీ కూతురూ ఇద్దరూ బతికి ఉంటేనే ఈ హక్కు అంది. మా పెద్దాయన పోయింది 1993లో. 2016లో పిటిషను కొట్టేశారు. అప్పుడే మా ప్లీడరుగారు కాలం చేశారు. ఆయన జూనియర్, ఒక అమ్మాయి, ఆఫీసు తీసుకుంది, నన్నూ ఉంచుకుంది. పెద్దామె హైకోర్టుకు రివిజన్ వేసింది. 2018లో దానమ్మ కేసులో సుప్రీంకోర్టే, తండ్రి 2001లో పోయినా కూతుళ్లకు వాటా ఇచ్చింది. రెండు తీర్పులూ ఒకదానికొకటి పొసగలేదు. 2019 జనవరి 1న రాష్ట్రానికి వేరే హైకోర్టు వచ్చి, మా రివిజన్ కట్ట కూడా హైదరాబాదు వదిలింది.

2020 ఆగస్టు 11న, కోర్టుల గేట్లు కరోనాతో మూసి ఉన్న రోజుల్లో, ముగ్గురు జడ్జీల బెంచి వినీతా శర్మ కేసులో తేల్చింది: కూతురి హక్కు పుట్టుకతో వచ్చేది, 2005 నాటికి తండ్రి బతికి ఉండక్కర్లేదు. ఆ ముగ్గురిలో ఒకరైన జస్టిస్ అబ్దుల్ నజీర్ తర్వాత మన రాష్ట్రానికే గవర్నరుగా వచ్చారు. అదే తీర్పులో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. నోటిమాటగా పంచుకున్నాం అంటే కోర్టు ఒప్పుకోదు, రిజిస్టరు దస్తావేజో కోర్టు డిక్రీయో ఉండాలి. సర్కారు కాగితాలతో గట్టిగా రుజువయ్యే అరుదైన సందర్భాల్లోనే నోటి పంపకం చెల్లుతుంది. మా అన్నదమ్ముల తెల్లకాగితానికి ఆ రుజువు లేదు.

రివిజన్ 2021లో గెలిచింది. డిక్రీ సవరించారు. మళ్లీ కమిషనరు, మళ్లీ గొలుసు. ఈసారి గీతలు అయిదు సమాన భాగాలకు. పెద్దన్న అప్పటికి లేడు, అతని కొడుకులు గట్టు మీద నిలబడ్డారు. 2023లో ఫైనల్ డిక్రీ పాసయింది. దాన్ని నాన్ జ్యుడీషియల్ స్టాంపు కాగితాల మీద రాయించాలి. స్టాంపులకు డబ్బు కట్టక డిక్రీలను కోర్టులోనే వదిలేసేవాళ్లు కొల్లలు. స్టాంపులు ఎప్పుడు కొన్నా, అమలు కోరడానికి ఉన్న పన్నెండేళ్ల గడువు డిక్రీ తేదీ నుంచే నడుస్తుంది. అందుకని నేనే అక్కాచెల్లెళ్లిద్దరి దగ్గరా వసూలు చేసి వారం తిరక్కుండా కొన్నాను. అన్నల వైపు వాళ్ల వంతు ఇంకా మా ఆఫీసుకు బాకీ.

2024లో హద్దు రాళ్లు పాతారు. పెద్దామె తన 2 ఎకరాల 40 సెంట్లు అమ్మనంది, ఎవరికీ రాసివ్వనూ అంది. కౌలుకిచ్చింది. కౌలు చేస్తున్నది పెద్దన్న రెండో కొడుకు. సంక్రాంతికి బస్తాలు మేనత్త ఇంటికి తోలుతున్నాడు, ఇప్పటిదాకా బాకీ పెట్టలేదు.